నీడలో నాలుగు కిటికీలు

బాణం గురి యువరాజు మిహిరవర్మ గుండె. తగిలింది మాత్రం కోనప్ప చేతికి.

తూరుపు అప్పుడే ఎర్రబడుతోంది. కనుమ దారిలో గుర్రాలు రెండూ పక్కపక్కనే దౌడు తీస్తున్నాయి. పైనున్న బండల చాటు నుంచి వింటినారి చప్పుడు వినిపించగానే కోనప్ప జీను మీంచి పక్కకు ఒరిగి, ఎడమచెయ్యి చాచి, దూసుకొచ్చిన బాణాన్ని గాలిలోనే ఒడిసి పట్టాడు. మదపుటేనుగుల తొండాలు తప్పించుకుంటూ పెరిగిన మావటివాడికి అదొక లెక్క కాదు. గర్వంగా యువరాజు వైపు తిరిగి నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

బాణానికి ములికి లేదు. ములికి ఉండవలసిన చోట వేలెడంత పాముతల ఉంది. అది కోనప్ప చిటికెనవేలి మొదట్లో కోరలు దించి, ఒక్క బుస కొట్టి, పిడికెడు బూడిదై రాలిపోయింది.

మిహిరవర్మ కత్తి దూసి బండల మీదికి ఎగబాకాడు. అక్కడ మనిషి లేడు. రాతి మీద బూడిద ముగ్గు పోసినట్టు పడి ఉంది. కుముదగిరి మహారాజును నిండు కొలువులోంచి మాయం చేసి, భస్మగిరి గుహల్లో ఎక్కడో బంధించిన మాంత్రికుడు భస్మకంఠుడు. ఆ బూడిద వాడి గుర్తు. తండ్రిని వెతుక్కుంటూ మిహిరవర్మ, అతనికి తోడుగా కోనప్ప, పూసల వర్తకుల వేషంలో అడవులూ రాజ్యాలూ దాటి వస్తున్నారు. వేషం బయటపడకుండా యువరాజును కోనప్ప "తమ్ముడూ" అని పిలవాలని ఒప్పందం. ఇంత ప్రయాణంలోనూ కోనప్పకు దక్కిన సుఖం అదొక్కటే.

యువరాజు కిందికి దిగి వచ్చేసరికి కోనప్ప తన చిటికెనవేలితో గుర్రపు రికాబును కొట్టి చూసుకుంటున్నాడు. ఇనుము మీద రాయి తగిలిన చప్పుడు వస్తోంది.

"శిలానాగం, తమ్ముడూ. ఇక కొబ్బరికాయ కొట్టడానికి రాయి వెతుక్కునే పని లేదు."

మాట తేలిగ్గానే అన్నాడు కానీ అతని పెదాలు పాలిపోయాయి. వేలు అప్పటికే బూడిదరంగుకు తిరిగి బిగుసుకుపోయింది. పక్క వేలికి పాకుతోంది. ఆ విషం సంగతి కోనప్పకు తెలుసు. అతని చిన్నతనంలో కుముదగిరి పట్టపుటేనుగు కాలు ఇలాగే రాయి అయింది. విషం గుండెను తాకేలోగా ఎవరో పట్టుకోన నుంచి పట్టుదారం తెచ్చి కాలికి చుట్టారు. సాయంత్రానికల్లా ఏనుగు చెరుకు నమిలింది.

పట్టుకోన ఎంతో దూరం లేదు. ఆ కనుమ దాటితే చాలు. మిహిరవర్మ కోనప్ప గుర్రపు పగ్గాలు కూడా తన చేతికే తీసుకుని మడమలతో తన గుర్రం డొక్కలు పొడిచాడు. వాగులు ఎగిరి దాటారు. ముళ్లకంపలు బట్టలు చీల్చాయి. ఒకచోట విరిగిపడిన చెట్టు అడ్డం వస్తే, పగ్గాలు వదలకుండానే రెండు గుర్రాలనూ ఒక్కసారిగా దాటించాడు. కనుమ చివర మలుపు తిరిగేసరికి కోనప్ప మణికట్టు రాయి అయింది.

మలుపు అవతల లోకమే మారిపోయింది.

కొండల ఒడిలో దాచిపెట్టినట్టు ఉంది ఆ కోన. లేత ఎండ చెట్ల కొసలను మాత్రమే అంటుకుని, కిందికి దిగాలా వద్దా అన్నట్టు ఆగింది. తెల్లని నున్నని బోదెలతో మద్దిచెట్లు బారులు తీరి ఉన్నాయి. ప్రతి కొమ్మకూ సన్నని కాడలతో పట్టుకాయలు, పట్టుపురుగులు కట్టుకున్న గూళ్లు, వేలాడుతున్నాయి. కొన్ని తేనెరంగువి, కొన్ని వెండి తుడిచినట్టున్నవి. గాలి వీచినప్పుడల్లా అవన్నీ ఒకేసారి ఊగుతుంటే అడవి తన పిల్లలను తానే ఉయ్యాలలో వేసుకుని ఊపుతున్నట్టుంది. చెట్ల మొదళ్ల చుట్టూ నేలను అలికి, అద్దంలా తీర్చారు. ఎండుటాకు ఒక్కటి లేదు.

కానీ గూడెం వీధిలోకి రాగానే గుర్రాలు బెదిరి వెనకడుగు వేశాయి.

వీధి పొడుగునా మనుషులు నిలబడి ఉన్నారు. ఒకడు భుజాన కావడితో, ఒకామె చంకలో చేటతో, ఇంకొకడు ఎవరినో పిలుస్తున్నట్టు చెయ్యెత్తి. ఎవరూ కదలడం లేదు. అందరూ రాయి. ఒక ఇంటి ముంగిట నిలబడ్డ రాతిమనిషికి మాత్రం ఎవరో తాటాకు గొడుగు కట్టారు. భుజాన ఉతికిన తువ్వాలు వేశారు. పాదాల దగ్గర అప్పుడే కడిగిన తడి ఇంకా ఆరలేదు.

ఆ ఇంట్లోంచి తెల్లజుట్టు ముసలావిడ బయటికి వచ్చింది. కోనప్ప చేతిని చూసింది. ఏమీ అడగకుండానే ఆమె కళ్లు చెమర్చాయి.

"దారానికి వచ్చారా నాయనా? మీకంటే ముందు వచ్చినవాళ్లు వీళ్లే," అంటూ వీధి వైపు చెయ్యి చూపింది.

ఆమె పేరు పైడక్క. కోనలో దారం తీసే ఆడవాళ్లందరికీ పెద్ద. మెట్టు మీద కూలబడి ఆమె కథంతా చెప్పింది. తాతముత్తాతల నాటి నుంచి శిలానాగానికి విరుగుడు ఈ కోన దారమే. ఆ దారంతో గూడు కట్టే శలభాన్ని వీళ్లు పురుగు అనరు, పట్టమ్మ అంటారు. అలాంటి దారం గతేడాది నుంచి ఎదురు తిరిగింది. కట్టిన మరుక్షణం మనిషి నిలువునా రాయి అవుతున్నాడు. గొడుగు కింద ఉన్నది పైడక్క పెనిమిటి సూరయ్య. కట్టెలకు వెళ్లి పాము కాటు తిని వస్తే, ఆమె తన చేత్తోనే దారం కట్టింది.

"ముడి వేసి తలెత్తి చూసేసరికి, నన్ను చూసి నవ్వుతూ నిలబడిపోయాడు. ఇప్పటికీ ఆ నవ్వు అలాగే ఉంది, చూడు. నా చేతిలోనే ఏదో దోషం ఉంది నాయనా."

ఇంతలో వీధిలోంచి ఒక పెద్దాయన వచ్చాడు. గుండెల దాకా దిగిన నెరసిన గడ్డం, చేతిలో నెమలీకల కట్ట. గూడెం వాళ్లందరూ పక్కకు తొలిగి దారి ఇచ్చారు. ఆయన కోన పూజలు చూసే కొమరయ్య. కోనప్ప దగ్గరికి వచ్చి, రాతిచేతిని ప్రేమగా నిమిరి, మొలలోంచి మెరిసే దారం తీశాడు.

"అమ్మ కోపం అందరి మీదా ఒకేలా ఉండదు బిడ్డా. నీ మీద దయ కలగవచ్చు. ఆలస్యం చేస్తే గుండెకు ఎక్కుతుంది, కట్టించుకో."

మోచెయ్యి కూడా బిగుసుకుంటోంది. కోనప్ప చెయ్యి చాచాడు. మిహిరవర్మ దారం అందుకుని మొదటి చుట్టు వెయ్యబోయాడు. పైడక్క మెట్టు మీంచి లేచి, అతని చేతి మీద ఒక్క దెబ్బ కొట్టింది. దారం దుమ్ములో పడింది.

"ఇంకొకడు రాయి కావడం నేను చూడలేను. పొద్దెక్కుతోంది, ఇవాళ అమ్మలు బయటికొచ్చే రోజు. ముందు తోటకు పదండి. ఆ తల్లి కాళ్ల మీద పడి అడుగుదాం. దారం సంగతి ఆ తర్వాత."

కొమరయ్య కళ్లలో ఏదో మెరిసి ఆరిపోయింది. మిహిరవర్మ దాన్ని చూశాడు కానీ, పోయేది తన ప్రాణస్నేహితుడి ప్రాణం. ఆ కళ్ల గురించి ఆలోచించే తీరిక లేదు.

దారి పొడుగునా పైడక్క పట్టమ్మ సంగతులు చెప్పింది. ఆ తల్లికి నోరు ఉండదట. పుట్టింది మొదలు పోయేదాకా ఏమీ తినదు, తాగదు. గుడ్లు పెట్టడానికే పుడుతుంది. రెక్కలు మూసుకుని పడుకున్నా పిల్లలను చూసుకోవాలని దేవుడు ఆమె రెక్కలకు నాలుగు కిటికీలు పెట్టాడట. ముందే బయటికొచ్చి ఒక చెట్టు బోదె మీద వాలిన శలభాన్ని మిహిరవర్మ వంగి చూశాడు. తేనెరంగు రెక్కల మీద నాలుగు గుండ్రని కన్నులు. ఒక్కో కన్ను చుట్టూ ఎర్రగీత, దాని చుట్టూ సన్నని తెల్లగీత. పక్క చెట్టు మీద ఇంకొకటి, ఆ పక్క చెట్టు మీద మరొకటి. అన్నిటికీ అవే నాలుగు కన్నులు, అవే గీతలు. ఏ తేడా లేదు.

తోటలో గూడెమంతా చేరింది. ఆడా మగా చెట్లకు ఎదురుగా నిలబడ్డారు. చెట్ల వెనక నుంచి పొద్దు పైకి వస్తోంది. పట్టమ్మ కాయ చీల్చుకుని, అదే కాయను పట్టుకుని వేలాడుతూ మొదటిసారి రెక్క విప్పే సమయంలో ఎవరూ తలెత్తకూడదు. అది పురిటి మంచం వంటి చోటు. అందుకే కింద నేలను అంత శుభ్రంగా అలికి ఉంచుతారు. దించుకున్న తల కింద చెత్త ఉండకూడదట.

"తల దించుకో నాయనా," అని పైడక్క మిహిరవర్మకు చెప్పింది.

ఆమె చెప్పడంలో చిన్న పొరపాటు జరిగింది. ఆ కోనలో పుట్టినవాళ్లకు తల దించుకోవడమంటే కళ్లు మూసుకోవడం కూడా. అది వేరే చెప్పనక్కర్లేదు. పరాయివాడైన మిహిరవర్మకు ఆ సంగతి తెలియదు. మర్యాదగా తల దించి, కళ్లు తెరుచుకునే నిలబడ్డాడు. పక్కన చెట్టుకు చేరగిలబడ్డ కోనప్పకు భుజం దాకా రాయి ఎక్కేసింది. అతని ఊపిరి బరువుగా వినిపిస్తోంది.

అందుకే మిహిరవర్మ చూడగలిగాడు.

అలికిన నేల మీద కొమ్మల నీడలు పడ్డాయి. కొమ్మల నీడలకు కాయల నీడలు, కాయల కింద ముడుచుకున్న రెక్కల నీడలు. చూస్తుండగానే ఆ రెక్కలు తడి ఆరి, మెల్లమెల్లగా విచ్చుకుంటున్నాయి. ఒక నీడ విచ్చుకుంది. దిట్టంగా, నల్లగా ఉంది. రెండోదీ అంతే. ఆ పక్కవీ అంతే. నాలుగు కన్నుల జాడ నేల మీద ఎక్కడా లేదు. కన్నులు రెక్క మీద దిద్దిన రంగులే కదా, రంగుకు నీడలో చోటేది?

చిట్టచివరి కొమ్మ మీద ఒక నీడ విచ్చుకుంది. దాని నడుమ నాలుగు వెలుగు చుక్కలు మెరిశాయి. పెసరగింజంత, గుండ్రంగా, నేల మీద ఎవరో దీపపు మొగ్గలు పేర్చినట్టు.

రెక్కల మీద కిటికీలు. బొమ్మలు కావు, నిజంగానే వెలుతురు దూరే కిటికీలు. బోదె మీద వాలినప్పుడు కిటికీలోంచి బెరడు కనిపిస్తుంది. దొంగ శలభం రెక్క మీద ఆ బెరడు రంగే దిద్ది ఉంటుంది. రెక్క మొదటిసారి ఎండకు ఎదురుగా విచ్చుకున్నప్పుడే ఆ తేడా తెలిసేది. సరిగ్గా అప్పుడే కోన మొత్తం కళ్లు మూసుకుంటుంది.

ఎవరో ఆ మర్యాదను ఆసరా చేసుకుని, తోటనిండా దొంగజాతిని నింపారు.

అప్పుడే అతని చూపు ఇంకో నీడ మీద పడింది. కొమరయ్య అందరికంటే ముందు, చెట్ల వరస పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన నీడ మిహిరవర్మ పాదాల దాకా సాగింది. అందరి నీడలూ తలలు వాల్చి ఉంటే, ఆ నీడ గడ్డం మాత్రం ఆకాశం వైపు లేచి ఉంది. నీడ చిట్టచివరి కొమ్మ వైపు నడిచింది. నీడ చెయ్యి పైకి లేచింది. వేళ్లు విచ్చుకుని, ఆ నాలుగు వెలుగు చుక్కలను నలపడానికి దగ్గరవుతున్నాయి.

మిహిరవర్మ తల ఎత్తలేదు. నేల మీది నీడనే గురి చూసుకుని వర్తకుడి వేషానికి పట్టుకున్న చేతికర్ర విసిరాడు. కర్ర గిరగిరా తిరుగుతూ వెళ్లి మణికట్టుకు తగిలింది. ఎముక విరిగిన చప్పుడుకు గూడెమంతా ఉలిక్కిపడింది. అయినా ఒక్కరూ కళ్లు తెరవలేదు. ఎవర్రా పూజలో అల్లరి చేసేదని కొమరయ్య గొంతు ఉరిమింది. పరాయివాణ్ణి పట్టి కట్టెయ్యమంది. కళ్లు మూసుకునే నలుగురు మగాళ్లు తడుముకుంటూ మిహిరవర్మను పట్టుకున్నారు.

"అక్కా, నేను తలెత్తలేదు. మీ అమ్మను చూడలేదు. ఎవరు తలెత్తారో నేల మీద నీడనడుగు," అన్నాడు మిహిరవర్మ.

పైడక్క ఒక్క క్షణం తటపటాయించింది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెయ్యని పని అది. ఆమె తన పెనిమిటి నవ్వు తలచుకుందో, కోనప్ప బరువు ఊపిరి విన్నదో, గట్టిగా పలికింది.

"అందరూ కళ్లు తెరవండి. తల మాత్రం ఎవరూ ఎత్తకండి."

కోన మొత్తం ఒక్కసారిగా నేలను చూసింది. విరిగిన చెయ్యి పట్టుకుని, మొహం పైకెత్తి కొమ్మలోకి చూస్తున్న నీడను చూసింది. ఆ పక్కనే ఊగుతున్న నాలుగు వెలుగు చుక్కలను చూసింది. చేటలు అల్లడం నేర్చుకునే పిల్లకు కూడా తెలిసిన మర్యాద కోన పూజారికి తెలియకపోవడం ఏమిటి?

"నువ్వు మా కొమరయ్యవి కాదు," అంది పైడక్క నీడతోనే.

నీడ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఉబ్బింది. గడ్డం ఊడి, గొంతు చుట్టూ బూడిద సుడి తిరిగింది. భస్మకంఠుడు! మిహిరవర్మ పట్టుకున్నవాళ్లను విదిల్చుకుని ఒక్క దూకు దూకాడు. మాంత్రికుడు కళ్లలోకి బూడిద ఊదాడు. మిహిరవర్మ కళ్లు ఎలాగూ నేల మీదే ఉన్నాయి. నీడ కాళ్లు ఎటు కదిలితే అటు కత్తితో వేటు వేశాడు. రెండు వేట్లు తప్పాయి. మూడో వేటు మాంత్రికుడి అంగీ అంచు తెగ్గోసింది. మరుక్షణం అక్కడ మనిషి లేడు. చాపంత రెక్కలతో, వీపు మీద మనిషి పుర్రె బొమ్మతో నల్లని శలభమొకటి కీచుమంటూ లేచి, తోటంతా నీడ పరిచి, ఉత్తరాన భస్మగిరి వైపు ఎగిరిపోయింది.

పైడక్క దాన్ని పట్టించుకోలేదు. నేల మీద కూర్చుని తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"దారం దొంగది. నా చెయ్యి కాదు," అంది ఎవరితోనూ కాకుండా. ఇంకోసారి అంది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని దిగ్గున లేచింది.

రెక్కలు ఆరిన పట్టమ్మ మెల్లగా బోదె మీదికి నడిచి వెళ్లింది. అది వదిలిన ఖాళీ కాయ కొమ్మకు ఊగుతోంది. తోట మొత్తానికి నిజమైన కాయ అదొక్కటే. దాన్ని గూడేనికి తెచ్చి, బూడిద నీళ్లలో వేసి ఉడికించి, మెత్తబడగానే పైడక్క పోగు లాగి, తొడ మీద వేసి పేనడం మొదలుపెట్టింది. ఆమె చేతులు వణకడం లేదు. పక్కన కోనప్పకు మెడ కింది ఎముక దాకా బిగిసింది. నాలుక మందగిస్తోంది.

పేనడం ముగిసింది. చేతిలో ఉన్నది ఒక్క మనిషికే సరిపోయే దారం. దొంగ దారంతో రాయి అయినవాణ్ణి కూడా అసలు దారం మళ్లీ మనిషిని చెయ్యగలదు. అందరి చూపులూ వీధి చివర తాటాకు గొడుగు వైపు వెళ్లాయి.

"ఆయనకు కట్టు అక్కా," అన్నాడు కోనప్ప కష్టంగా. "నాకు ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేరు. ఒక ఏనుగు ఉంది. అది కూడా నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది."

పైడక్క గొడుగు వైపు ఒకసారి చూసింది. చాలాసేపు చూడాలనిపించినా ఒకసారే చూసింది.

"ఆయన ఎలాగూ నిలబడ్డాడు. ఇంకొన్నాళ్లు నిలబడతాడు. నీ గుండె ఇంకా కొట్టుకుంటోంది కదా," అని కోనప్ప భుజానికి చుట్టు వేసి ముడి బిగించింది.

ముడి వెయ్యగానే అందరూ అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశారు. కోనప్ప కళ్లు మూసుకున్నాడు. కొంతసేపటికి అతని భుజం మీంచి పాత గోడ సున్నంలా పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. దాని వెనక ఇంకొకటి. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు. కాటు పడిన చిటికెనవేలు ఒక్కటి మాత్రం అలాగే రాయిగా మిగిలింది. కోనప్ప ఆ వేలితో తన ముక్కు గోక్కుని, చల్లగా బాగానే ఉందన్నాడు. గూడెం చాలాకాలం తర్వాత నవ్వింది.

కానీ పట్టమ్మకు జత లేదు. మగ శలభం రాకపోతే గుడ్లు లేవు, కాయలు లేవు. ఆ ఒక్క తల్లితో జాతే ముగుస్తుంది. సూరయ్యతో పాటు వీధిలో నిలబడ్డవాళ్లందరూ ఇక ఎప్పటికీ అంతే. గాలి పొద్దుటి నుంచి ఉత్తరం వైపే వీస్తోంది. తల్లి వాసన గాలిలో కలిసి ఎంత దూరమైనా వెళుతుందని, మగది ఎక్కడున్నా ఆ వాసన పట్టుకుని వస్తుందని పైడక్క ఆశ. సాయంకాలం ఎండ ఎర్రబడే వేళకు ఆ ఆశ నిజమైంది. ఉత్తరం నుంచి చిరిగిన రెక్కలతో ఒక శలభం తూలుతూ వచ్చి తోటలో తల్లి పక్కన వాలింది. వాలే ముందు దాని నీడ నేల మీద పడింది. నాలుగు వెలుగు చుక్కలు. మిహిరవర్మ దాని రెక్కల అంచున అంటిన ధూళిని వేలికి అద్దుకుని చూశాడు. బూడిద, అందులో ఎర్రని జేగురు మట్టి.

భస్మగిరిలో గుహలు లెక్కకు అందవు. జేగురు ఉన్న లోయ మాత్రం ఒక్కటే.

"ఆ మాంత్రికుడు తన విషానికి తానే భయపడతాడు కదా, మందు దగ్గరే పెట్టుకుని ఉంటాడు. అసలు పట్టమ్మలను అక్కడే దాచాడు," అన్నాడు కోనప్ప.

"వాటిని దాచినచోటే మా నాన్ననూ, అసలు కొమరయ్యనూ దాచి ఉంటాడు," అంటూ మిహిరవర్మ గుర్రమెక్కాడు.

తెల్లవారేసరికి వాళ్లు జేగురు లోయ అంచున ఉన్నారు. ఇరుకైన లోయ. రెండు వైపులా రక్తంలో ముంచినట్టున్న ఎర్రని గోడలు. కింద ఎక్కడో నీటి హోరు. నడుమ ఉడతకు తప్ప మనిషికి పనికిరాని తీగల వంతెన. గుర్రాలను వదిలి సగం దూరం నడిచారో లేదో, ఎదుటి గట్టు మీంచి బూడిద బాణమొకటి వచ్చి తీగలను తెగ్గోసింది. వంతెన రెండుగా విడిపోయి వాళ్లను అవతలి గోడకు విసిరికొట్టింది. మిహిరవర్మ పట్టు తప్పింది. పడిపోతున్న అతని చేతిని కోనప్ప కుడిచెయ్యి అందుకుంది. ఎడమచేతి చిటికెనవేలు రాతి చీలికలో కొక్కెంలా దిగి ఇరుక్కుంది.

ఇద్దరి బరువూ ఆ ఒక్క రాతివేలి మీద వేలాడింది.

"కదలకు తమ్ముడూ. ఈ వేలు నాదే కానీ, నా మాట వినదు."

తలపైన గట్టు మీద అడుగుల చప్పుడు వినిపించింది. తలెత్తితే కళ్లలో ఎర్రమట్టి రాలుతోంది, పైన ఎవరున్నారో కనిపించదు. ఎవరో పైనుంచి తీగ వదులుతూ, పట్టుకోండి బిడ్డలారా, నేను పట్టుకోన కొమరయ్యను, చెర తప్పించుకుని వచ్చాను అంటున్నారు. నిన్న ఉదయం మందు పేరుతో చావు ఇవ్వబోయిన గొంతు. సరిగ్గా అదే గొంతు. తీగ మిహిరవర్మ మొహం ముందు ఊగుతోంది. పట్టుకుంటే పైకి లాగవచ్చు, లేదా సగంలో వదిలెయ్యవచ్చు. రాతివేలు చీలికలోంచి కొంచెం జారింది.

మిహిరవర్మ పైకి చూడలేదు. ఎదురుగా ఉన్న లోయ గోడను చూశాడు. గట్టు వెనక నుంచి అప్పుడే లేస్తున్న పొద్దు, పైన ఉన్నదంతా ఆ ఎర్రని గోడ మీద నీడగా గీసింది. వంగి తీగ పట్టుకున్న మనిషి, గాలికి ఊగే గడ్డం. అతని తల పక్కన గట్టు నుంచి సాగిన కొమ్మ, ఆ కొమ్మకు వేలాడే ఒక కాయ. చూస్తుండగానే కాయ కింద రెక్కలు విచ్చుకున్నాయి. ఎర్రగోడ మీద నాలుగు వెలుగు చుక్కలు మెరిశాయి.

అంత ఆపదలోనూ, తీగ వదలకుండానే, ఆ నీడ తల దించుకుంది.

"తీగ పట్టుకుంటున్నాను కోనప్పా. ఈయన మనవాడే," అన్నాడు మిహిరవర్మ.

చేతికి తీగ చుట్టుకుని, ఒక పాదం గోడకు తన్నిపట్టాడు. తీగ బిగిసింది. పైనుంచి ముసలి గొంతు ఆయాసపడుతూ లాగుతోంది. మూరెడు పైకి లేచారు. కోనప్ప రాతివేలు చీలికలోంచి ఊడివచ్చింది. ఇక ఉన్నది ఆ తీగ, ఆ ముసలి చేతులు.

అప్పుడు ఎదుటి గోడ మీద, తల దించుకుని ఉన్న నీడ వెనక, ఇంకొక నీడ మెల్లగా లేచింది.

దాని గడ్డం పైకి ఉంది.